మాతువు, ధాతువు, రాజదండము

పదుమూడవ శతాబ్దమున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు వాగ్గేయకారుని లక్షణమును చెప్పుచు, పాటలోని వాక్కునకు మాతువనియు, గానమునకు ధాతువనియు పేళ్లు పెట్టినాడు. ఈ రెంటిని కూర్పగలవాడే వాగ్గేయకారుడు. అంతటితో నాగక వారి తారతమ్యమును గూడ నిర్ణయించినాడు. ధాతువున సమర్థుడై మాతువున మందుడైనవాడు మధ్యముడు; మాతువెంత రమ్యమైనను ధాతువు మందమైనచో నతడధముడు. మాటల పండితులమైన మనకీ తీర్పు కొంత కటువుగా తోచునుగాని, సంగీతశాస్త్రజ్ఞుని దృష్టిలో పాటకు ప్రాణము ధాతువే.

ఒక ప్రభుత్వము పాటను నిషేధించినపుడు ఈ రెంటిలో దేనిని నిషేధించినట్లు? ఈ ప్రశ్న పుట్టుటకు కారణమున్నది. స్టాలిను కాలమున రష్యాదేశమున ఆక్షేపణకు గుఱియైన స్వరకర్తల రచనలను సెల్లో, పియానో వాద్యములపై వినిపించి, వాని వెనుకనున్న రాజకీయచరిత్రను సభకు వివరించు కచేరీలు పాశ్చాత్యదేశములలో జరుగుచుండును. ఆ రచనలలో మాట యొక్కటియు లేదు. మాటలేని నాదమును పాలకులేల శంకించవలెను? మన గోదావరీమండలమున శిక్షపాలైన పాటలో మాటయే గదా నేరమైనది? ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కల నుంచి చూచినచో, మన పాటలను మనము భద్రపఱచుకొను పద్ధతిలోని యొక లోపము బయటపడును. దానిని చెప్పుటకే యీ వ్యాసము.

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి యుపన్యసించెను. ఆయన యాంగ్లోపన్యాసములను తెలిగించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఆ సందర్భమున వారు చెప్పిన యాశుపద్యము, దేశమును పాడియావుగాను, ప్రజలను లేగలుగాను, పాలకులను గడుసరి గొల్లలుగాను చిత్రించినది, ఆంధ్రదేశమంతట వ్యాపించిన సంగతి చదువరులెఱిగినదే. పద్యము నిచట నుదాహరింపను. అది తేటగీతియను సంగతియే నాకు ముఖ్యము. పాదమున కొక సూర్యగణము, రెండింద్రగణములు, మరల రెండు సూర్యగణములు, ప్రాసనియమము లేదు. ఒకమాఱు విన్నవాడు దానిని మఱువడు. పద్యమును రాగమున బెట్టి సాగదీసి చదువుట నాటి నాటకరంగముల యలవాటు. అందుచే నెవరికి వచ్చిన రాగమున వారు దానిని పాడుకొనవచ్చును. మాతువు స్థిరము; ధాతువు పాడువాని యిష్టము.

ఆ యుపన్యాసముల ఫలితము రాజమహేంద్రవరపు కళాశాలలపై పడినది. వందేమాతర పతకములను ధరించిన విద్యార్థులను శిక్షించిరి. ఉపాధ్యాయశిక్షణ కళాశాలలోనుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని వెడలగొట్టిరి. మఱుసటియేడు ఆయన స్వరాజ్యపత్రికలోని వ్రాతకుగాను రాజద్రోహనేరముపై చెఱకు పోవలసివచ్చెను. పతకము కంటికి కనబడును. పత్రిక చేతికి దొరకును. పద్యము మాత్రము నోటినుండి నోటికి పోయినది.

శాసనయంత్రము నొక్కమాఱు పరికింతము. రాజద్రోహమును నిర్వచించు 124-ఏ సెక్షను భారతశిక్షాస్మృతిలో 1870న చేరినది. నాటకప్రదర్శనముల చట్టము 1876 నాటిది. వంగదేశపు నాటకములకు వెఱచి దానిని చేసిరి. ముద్రణమును కట్టడిచేయు గట్టి చట్టము 1910లో వచ్చినది. 1922లో దానిని రద్దుచేసినపుడు గూడ, రాజద్రోహకరములైన ప్రతులను జప్తుచేయు నధికారమును క్రిమినలు ప్రొసీజరు కోడులో 99-ఏ సెక్షనుగా నిలుపుకొనిరి. వీనిలో 124-ఏ సెక్షను నోటిమాటకును వర్తించును గనుక పాడుటయు నేరమే. కాని విచారణలో నాంగ్లాధికారి యెదుటికి వచ్చునది పాట కాదు. పాటకు ఇంగ్లీషు తర్జుమా. దేశభాషాపత్రికలలోని వ్రాతలను సంగ్రహించి యింగ్లీషున నివేదించుటకు మద్రాసు ప్రభుత్వమువారి కనువాదకులుండిరి. తర్జుమాలో యతి పోవును, తాళము పోవును, పల్లవికి జనము గొంతుకలుపుట పోవును. మిగులునది యభిప్రాయ మొక్కటియే. శాసనము శిక్షించినది దానినే. శార్ఙ్గదేవుని తారతమ్యమునకు పోలీసువారి తారతమ్యము తలక్రిందు.

దీనికి గరిమెళ్ళ సత్యనారాయణగారి చరిత్రకంటె మంచి యుదాహరణము దొరకదు. ఆయన 1893లో, నేటి శ్రీకాకుళము జిల్లా గోనెపాడున జన్మించినవారు. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయశిక్షణ పొందుచు, సహాయనిరాకరణోద్యమమున చదువు విడిచి గ్రామములు తిరిగినారు. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అను గేయముతో నాయన పేరు ఇంటింట తెలిసినది. 1922లో నా గేయము మూలముగానే చెఱకు పంపిరి. విడుదలయైన వెనుక పాట మానుకొననందున మరల చెఱ ప్రాప్తించినది. 1952లో మద్రాసున కడు బీదతనమున మరణించినారు.

ఆ గేయము దీర్ఘమైనది. అన్నము, ఉప్పు, కల్లు, బడిలో గాంధిటోపి—నాటి సామాన్యుని కష్టములన్నియు చరణములలో వరుసగా వచ్చును. ఇన్ని చరణములను కంఠపాఠము చేయువారు కొందఱే యుందురు. కాని ప్రతిచరణము చివరను పల్లవి మరలి వచ్చును. గుంపునకు పల్లవి యొక్కటి వచ్చిన చాలును. చరణములు పాడువాడొక్కడు, బదులు పలుకువారు వందమంది. ఈ కూర్పు క్రొత్తది గాదు. జంగము కథలలోను, కోలాటములలోను, నాట్లు వేయువారి పాటలలోను జనమెఱిగినదే. కవి జనమునకు క్రొత్త మాటను, పాత గుండెలయను ఇచ్చినాడు. తర్జుమా చదివిన యధికారికి మొదటిది మాత్రమే యెదురైనది.

బ్రాకెనను కలెక్టరుదొర గరిమెళ్ళవారిని పిలిపించి పాటను పూర్తిగా పాడించుకొని వినెననియు, తనకు తెలుగు రాకున్నను ఆ పాటలోని శక్తి తెలియుచున్నదనెననియు నొక కథ వాడుకలోనున్నది. జనము దీనిని నిలుపుకొనుటలోని యర్థము గమనింపదగినది. మన పాటలో తర్జుమాకు లొంగని భాగమొకటి కలదనియు, దానిని దొరయే యొప్పుకొన్నాడనియు జనముయొక్క గర్వము. శిక్షాపత్రమున నెక్కని దానిని కథ యెక్కించుకొన్నది.

గోదావరి ధవళేశ్వరము దిగువను గౌతమి, వసిష్ఠ యని చీలును. ఆ రెంటి నడుమ కోనసీమకు వాకిలియై యున్నది రావులపాలెము. అవతలి గట్టున జొన్నాడ. వంతెన కట్టకపూర్వము మనుష్యులును, సరకును, వార్తయు రేవు దాటియే రావలసియుండెను. 1852లో ఆనకట్ట ముగిసిన తరువాత కాలువలు పైరునకే కాక పడవలకును దారులైనవి. బొబ్బర్లంక లాకులవద్ద, లొల్ల లాకులవద్ద నీరు సమమగు దనుక పడవ నిలిచియుండవలెను. పాడువాడొకడుండి వినువారు కదలలేని చోటికంటె పాటకు మంచి సంత యెక్కడ దొరకును? అచ్చుకాగితమును మూటలో వెదకి పట్టుకొనవచ్చును. పడవ దిగిపోవు ప్రయాణికుని నాలుకపైనున్న పల్లవిని వెదకుట యెట్లు? చదువురానివారు విస్తారముగానున్న కాలమున, పత్రికకు లేని వ్యాప్తి పాటకు కలిగినదనిన నాశ్చర్యము లేదు. శాసనకర్తల దృష్టి కాగితముమీద నిలిచియుండుట ఈ వ్యాప్తికి తోడ్పడినదనియే నా తలంపు.

ఇంతవఱకు మాతువే నేరమైనది. మాట మాఱకున్నను, పాడుటయే వివాదమైన సందర్భములును మన చరిత్రలోనున్నవి. వందేమాతరగీతము వీనికి నిదర్శనము. 1906లో తూర్పువంగరాష్ట్ర ప్రభుత్వము వీథులలో వందేమాతరమని కేకవేయుటను నిషేధించి, బారిసాలు సభను చెదరగొట్టించినది. పుస్తకమున నున్నప్పుడు నేరము గాని మాట పదిమంది గొంతున పలికినంతనే నేరమైనది.

1923 డిసెంబరున కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. హిందూస్థానీ సంగీతమున ప్రసిద్ధుడైన విష్ణుదిగంబర పలుస్కరు వందేమాతరమును పాడుటకు లేచెను. సభాధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ, సంగీతము తన మతసంప్రదాయమునకు సరిపడదని యభ్యంతరము చెప్పెననియు, పలుస్కరు ఇది జాతీయసభయేకాని యొక మతమువారి ప్రార్థనాస్థలము కాదని బదులిచ్చి గీతమును ముగించియే కూర్చుండెననియు చెప్పుదురు. ఇందెవరిది తప్పని తీర్పుచెప్పుట నా పని కాదు. ఇరువురును దేశముకొఱకు పాటుపడినవారే. నేను చూపదలచిన దేమనగా, కాకినాడలో వచ్చిన యభ్యంతరము ధాతువుపై వచ్చినది. పదునాలుగేండ్ల తరువాత, 1937లో, కాంగ్రెసు కార్యనిర్వాహకవర్గము కలకత్తాలో చర్చించి మొదటి రెండు చరణములను మాత్రమే పాడవలెనని తీర్మానించినపుడు, వివాదము మాతువుపైకి మఱలినది. ఒకే గీతముపై రెండు విధములైన యభ్యంతరములు. మఱుసటియేడు, 1938లో, హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో ప్రార్థనగా నా గీతమును పాడుటను అధికారులు వలదనగా, విద్యార్థులు వినలేదు. వందలకొలది బాలురను వెడలగొట్టిరి. వారికి నాగపురి విశ్వవిద్యాలయము చోటిచ్చినది. నిజామురాజ్యమున చదువవలసిన బాలురు ఒక పాటవలన మధ్యపరగణాలకు పోయి చదువుకొనవలసివచ్చినది.

ఇక రష్యాదేశమునకు వత్తము. సెల్లో యనునది ఫిడేలు జాతికి చెందిన పెద్దవాద్యము. వాదకుడు కూర్చుండి దానిని మోకాళ్లనడుమ నిలిపి కమానుతో వాయించును. దాని మంద్రము పురుషుని కంఠమును పోలియుండును. సొనాటా యనగా వాద్యములకై మూడు నాలుగు భాగములుగా కూర్చిన కృతి. షోస్టకోవిచ్ అను స్వరకర్త 1934లో సెల్లో, పియానోలకై యొక సొనాటాను రచించెను. అదే సంవత్సరమున ప్రదర్శితమైన ఆయన సంగీతనాటకము ‘లేడీ మాక్బెత్’ రెండేండ్లు జయప్రదముగా నడచినది. 1936 జనవరిలో స్టాలిను దానిని చూడవచ్చి, ముగియకమునుపే లేచిపోయెను. రెండు దినములకు ‘ప్రావ్దా’ పత్రికలో, ఇది సంగీతము కాదు గందరగోళమను సంపాదకీయము సంతకము లేకుండ వెలువడెను. ఆ దినమున స్వరకర్త కుబాట్స్కీయను సెల్లో వాదకునితో కచేరీలకై తిరుగుచు అర్ఖాంగెల్స్కు నగరముననుండెను. పత్రిక యక్కడనే చేతికందినది. ఆ యేడు చివరను తన నాలుగవ సింఫనీని అభ్యాసములు జరుగుచుండగనే వెనుకకు తీసికొనెను. అది సభలో వినబడినది 1961 డిసెంబరున, ఇరువదియైదేండ్లకు.

1948 ఫిబ్రవరి 10వ తేదీని కమ్యూనిస్టు పార్టీ కేంద్రసంఘము మరల నొక తీర్మానము చేసి షోస్టకోవిచ్, ప్రొకోఫియెవ్, ఖచటూర్యాన్, మ్యాస్కోవ్స్కీ మొదలగువారిని పేరుపేరున నిందించెను. మోపిన నేరము పేరు ‘ఫార్మలిజము’. మన భాషలో ఆకృతివాదమనవచ్చును: భావమును, ప్రజలను విడిచి రూపచమత్కారమునకై ప్రాకులాడుట యని వారి యర్థము. మఱుసటియేడు ప్రొకోఫియెవ్ సెల్లో, పియానోలకై సొనాటా వ్రాసెను. రోస్ట్రపోవిచ్ సెల్లోపై, రిఖ్తర్ పియానోపై దానిని 1950 మార్చి 1వ తేదీని మాస్కోలో సభకు వినిపించిరి. అంతకుముందే స్వరకర్తల సంఘమువారి యెదుట వాయించి వారిని మెప్పింపవలసివచ్చినది. ప్రొకోఫియెవ్ 1953 మార్చి 5న మరణించెను, స్టాలినుకూడ నాదినముననే. ఈ నిందలు అన్యాయములని పార్టీ యొప్పుకొన్నది 1958 మేనెలలో.

ఇచట శిక్షింపదగిన మాటయే లేదు. ఏ స్వరము రాజద్రోహము? ఏ గమకము ప్రజాశత్రువు? న్యాయస్థానమున దీనిని రుజువుపఱచుట యసాధ్యము. అందుచేతనే వారు న్యాయస్థానమునకు పోలేదు. పత్రికయు, పార్టీ తీర్మానమును, తోడి స్వరకర్తల సంఘమును తీర్పు చెప్పినవి. మాతువు లేనిచోట మాతువును ఆరోపించుటయే వారు చేసినపని. ‘ఆకృతివాదము’ అను నొక్కమాట ఆ సొనాటాలకన్నిటికిని సాహిత్యమైనది.

రెండు ప్రభుత్వముల స్వభావభేద మిందు కనబడును. ఆంగ్లప్రభుత్వము సంగీతవిద్వాంసుని తన్ను పొగడుమని నిర్బంధింపలేదు, తిట్టకున్న చాలునన్నది. అందుచే దానికి తిట్టెక్కడనున్నదో చూపు తర్జుమా కావలసివచ్చినది. స్టాలిను ప్రభుత్వమునకు మౌనము చాలదు, సంతోషమే కావలెను. విషాదమో, వెటకారమో యని సందేహము కలిగించు నాదమును కూడ నది సహింపలేదు. మొదటిదానికి చెవి లేదు. రెండవదానికి చెవి మితిమీఱినది. మన విద్వాంసుల కచేరీలను దొరలు ముట్టుకొనలేదనుటను చూచి వారు కళాభిమానులని కొందఱు మెచ్చుకొనుట విన్నాను. అది యభిమానము కాదు, పట్టింపులేనితనము.

ఇచ్చట నొక యాక్షేపణ రావచ్చును. మన వాద్యములు మాత్రము మాటలేనివి కావా యని. కావు, లేదా పూర్తిగా కావు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఫిడేలుపై త్యాగరాజకృతి వాయించినపుడు సభలోని రసికుడు సాహిత్యమును లోలోపల పలుకుకొనుచునే వినును. కర్ణాటకసంప్రదాయమున వాద్యము గాత్రమును అనుసరించును. నాదస్వరకారుడుకూడ కృతిని సాహిత్యమెఱిగియే వాయించును. కావున ప్రసిద్ధమైన నిషిద్ధగేయపు వరుసను హార్మోనియముపై వాయించినచో, మాట యొక్కటి పలుకకయే మాటలన్నియు వినబడును. ఇట్టి వాదనమును తర్జుమా చేయువాడెవడు? నాటకప్రదర్శనముల చట్టము క్రింద వ్రాతప్రతిని తెప్పించి చూడవచ్చును. వ్రాతప్రతిలో హార్మోనియము లేదు. మన సంప్రదాయమున ధాతువు మాతువునకు మాఱువేషము కాగలదు. రష్యాస్వరకర్తల కట్టి సదుపాయము లేదు. వారి నాదము తననుతాను కప్పుకొనవలసినదే.

స్వాతంత్ర్యముతో నీ వ్యవహారము ముగియలేదు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు రచించిన ‘మాభూమి’ నాటకమును, ఆ కాలపు బుర్రకథలను మన మద్రాసు ప్రభుత్వమే నిషేధించినది. బుర్రకథలో కథకుని మాటకంటె గుమ్మెట దెబ్బయు, వంతల తానతందానయు జనమును కూడగట్టునని క్రొత్త పాలకులకు తెలియును. వారాభాష యెఱిగినవారు గదా! 1876 నాటి నాటకచట్టము మన శాసనగ్రంథములనుండి తొలగినది 2018లో. 124-ఏ సెక్షనును 2022లో సుప్రీముకోర్టు నిలిపివేసినది. 2024 జూలైలో క్రొత్త శిక్షాస్మృతి యమలునకు వచ్చి పాతదానిని తొలగించినది. ఆ క్రొత్తదానిలోని 152వ సెక్షను పాతదాని వారసురాలా కాదా యను చర్చ న్యాయవాదులది.

మొదట చెప్పిన లోపమునకు వత్తును. గరిమెళ్ళవారి పాటలవంటివానికి రెండు భాండాగారములేర్పడినవి. మొదటిది ప్రభుత్వముదే. జప్తుచేసిన ప్రతులను దొరలు నాశనము చేయక దాచినారు. ఆ నిషిద్ధగ్రంథసంచయములు నేడు ఢిల్లీలోని జాతీయాభిలేఖాలయమునను, లండనులోని బ్రిటిషు లైబ్రరీలోను ఉన్నవి. వానిలో తెలుగు ప్రతులును కలవు. రెండవది మనము ప్రకటించుకొన్న సంకలనములు. ఈ రెంటిలోను ఉన్నది మాతువే. పోలీసువారు ధాతువును విడిచినది చెవిలేక. మనము విడిచినది, గేయమునుగూడ కావ్యమువలె చదివి, పాఠభేదములను చూచి, ఛందస్సును గుర్తించి సంతృప్తి చెందుటవలన. అధికారి చూచినట్లే మనమును కాగితమునే చూచితిమి. ఒక్కొక్క సంకలనమున పల్లవి మొదట నొకసారి మాత్రమే యచ్చై, చరణములతరువాత మరల వచ్చునను గుర్తుకూడ లేక, పాట పద్యమువలె పడియుండును.

స్వరములు వ్రాయుట సంగీతజ్ఞుల పనియని తప్పించుకొనుటకు వీలులేదు. ఇట్టి పాటల వరుసలు విద్వాంసుల కచేరీలలో లేవు. ఉన్నచో బడిపంతుళ్ల కుటుంబములలోను, పూర్వము నాటకములాడిన యిండ్లలోను, కోలాటపు గుంపులలోను ఉండును. కోనసీమ గ్రామములలో పనిచేయు పాఠశాలాపండితులకే యవి యందుబాటు. స్వరజ్ఞానము లేనివారుకూడ వ్రాసికొనగలిగినవి కొన్ని కలవు. పల్లవిని ఎత్తుకొనునది తాళముతోనా, తాళము జాఱిన తరువాతనా. బదులు పలుకువారు పల్లవినంతటిని పలుకుదురా, చివరిమాటనే పలుకుదురా. ఏ చరణమునొద్ద నడక మాఱును. వరుస వారికెవరినుండి వచ్చినది, అది మునుపే కోలాటపు పాటకో, జోలకో ఉన్న వరుసయా. చేతనున్న ఫోనులోనే ధ్వనిని పట్టుకొనవచ్చును గనుక, స్వరలిపిని పిదప నెవరైనను వ్రాయగలరు. ఒకే పాటకు రెండూళ్లలో రెండు వరుసలున్నచో రెంటిని ఉంచవలెను; పాఠభేదములవిషయమున మనము చేయుచున్నది అదియే.